దొంగ ఊపిరి

తెర మీద సింహాద్రి గుండె సగమే ఉంది. మిగతా సగం ఉండాల్సిన చోట నల్లటి నీడ, దాని చుట్టూ తెల్లగా మెరిసే అంచు.

డాక్టర్ పైడితల్లికి ఆ నీడ కొత్తది కాదు. ఎడమ భుజం కింద చర్మంలో పెట్టిన పేస్‌మేకర్ డబ్బీ స్కానర్ అయస్కాంత క్షేత్రాన్ని వంచేస్తుంది. క్షేత్రం వంగిన చోట బొమ్మ రాదు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీది ఈ పరిశోధనశాలలో చేరిన నాటి నుంచీ ఆమె ఈ నీడతోనే కాపురం చేస్తోంది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఈ బొమ్మనే చూపించి, "వీడొకడు తగులుకున్నాడుగా" అనేది. ఇన్నాళ్లూ ఆ నీడ వెనక ఉన్నవి ఎవరెవరివో గుండెలు. ఇవాళ ఉన్నది సొంత అన్న గుండె.

"ఎడం చెయ్యి ఇంకా పైకెత్తు అన్నియ్యా. తల మీదకి" అంది మైకులో. చెయ్యి ఎత్తితే డబ్బీ కాస్త పైకి జరుగుతుంది, దానితో నీడా జరుగుతుంది. ఒక్కోసారి ఆ కాస్తే చాలు.

"ఎత్తినాను గదే. ఇంకా ఎత్తితే బుజం ఊడొచ్చేస్తాది."

"ఊపిరి వదిలేసి బిగబట్టు."

"అది నువ్వు నాకు నేర్పక్కర్నేదు."

నిజమే, నేర్పక్కర్లేదు. ఊపిరి వదిలేశాక బిగబట్టమంటే మామూలు మనుషులు నాలుగు క్షణాలకే గిలగిలలాడిపోతారు. సింహాద్రి రాయిలా పడుకున్నాడు. అయినా నీడ జరగలేదు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చి అతను తెర వంక చూశాడు. "ఏటే ఇది? నా గుండెని ఎలక కొరికీసిందేటి?"

"డబ్బీ నీడ అన్నియ్యా."

"నీడెనకాల ఏటుంది?"

"అదే తెలీట్లేదు."

తెలియాల్సింది కూడా అదే. పేస్‌మేకర్ పెట్టించుకున్నాక కొన్నేళ్లు సుబ్బరంగా తిరిగిన మనిషి, ఈమధ్య సంతలో ఒకసారి, పెరట్లో ఒకసారి కళ్లు తిరిగి పడిపోయాడు. నీడ పడ్డ చోట గుండె గోడలో కండ ఎండిపోయిందేమోనని అతనికి వైద్యం చేసే గుండె డాక్టరు అనుమానం. ఎండి ఉంటే ఈ డబ్బీ చాలదు. గుండె గతి తప్పినప్పుడు షాకిచ్చి దారిలో పెట్టే పెద్ద డబ్బీ పెట్టాలి, లేదంటే ఏదో ఒక రోజు పడినవాడు లేవడు. కండ బాగానే ఉంటే మాత్రం కత్తి పెట్టకూడదు. మొదటిసారి డబ్బీ పెట్టినప్పుడే కోత చీముపట్టి ప్రాణం మీదికి వచ్చింది. "చూసి చెప్పండి మేడమ్, చూడకుండా నేను కొయ్యలేను" అన్నాడు డాక్టరు.

వదిన బంగారమ్మ మాత్రం ఏమీ అడగలేదు. పిల్లలు లేని ఇల్లు, ఇద్దరే మనుషులు. పేస్‌మేకర్ పెట్టిన నాటి నుంచీ ఆవిడ భర్త ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కింద గుండె డబ్బీ నడకలో నడుస్తోందని తెలిస్తేగాని నిద్రపోదు.

సింహాద్రి ఒకప్పుడు చెడుగుడు ఆటగాడు. ఊరికే ఆటగాడు అంటే అతని తోటివాళ్లు ఒప్పుకోరు. వేసవిలో చంపావతి ఒక పక్కకి ఒదిగిపోయి మిగతా ఏరంతా ఇసకే అయ్యేది. జూటు మిల్లులో షిఫ్టు దిగి, ఒంటికంటిన నార దులుపుకోకుండానే అతను ఆ ఇసకలోకి దిగేవాడు. కాలి బొటనవేలితో గీత గీసి, "సెడుగుడు సెడుగుడు" అని కూత పట్టి అవతలికి వెళితే, ఆ జట్టంతా వెనక్కి వెనక్కి జరిగేది. గొంతేమీ గొప్పది కాదు, గొప్పంతా ఊపిరిదే. ఇంకొకడైతే అలిసి తిరిగొచ్చేసే వేళకు, ఇతను అప్పుడే బయలుదేరినట్టుండేవాడు.

ఆ ఆటలో పట్టుబడ్డవాణ్ని "సచ్చినాడు" అనేవారు. చచ్చినవాళ్లంతా గీత బయట వరసగా కూర్చోవాలి. తమ జట్టువాడు కూతకెళ్లి అవతలివాణ్ని తాకి వెనక్కి వచ్చేస్తే, చచ్చినవాళ్లలో ఒకడు బతుకుతాడు. "లెగు, బతికినావు" అనగానే ఇసక దులుపుకుని లేచి వచ్చేస్తాడు. అంత సులువుగా చావడం, అంత సులువుగా బతకడం పైడితల్లి మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆడపిల్లలు ఆ ఆట ఆడేవారు కాదు. ఆమె పని అన్న చొక్కా పట్టుకుని గట్టు మీద కూర్చోవడం. ఒక సాయంత్రం జట్టులో ఒక మనిషి తక్కువయ్యాడు.

"మా పైడి ఆడతాది" అన్నాడు సింహాద్రి.

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అని ఆమె లంగా ఎగదోపుకుని దిగింది. ఆ రోజు గ్రహచారం ఏమో, జట్టులో ఒక్కొక్కరూ చచ్చి చివరికి సింహాద్రి కూడా పట్టుబడ్డాడు. గీత ఇవతల ఆమె ఒక్కతే మిగిలింది. కూత పట్టి వెళ్లింది. సగంలోనే ఊపిరి అయిపోయింది. ఎదుటివాడి కాలు తాకేందుకు వంగినప్పుడు, జుట్టు మొహం మీద పడ్డ చాటున, ముక్కుతో సన్నగా ఒక్క ఊపిరి లాగింది. కూత తెగినట్టు వినిపించనివ్వలేదు. కాలు తాకి, పరిగెత్తుకొచ్చి గీత మీద పడింది.

"లెగు అన్నియ్యా! బతికినావు!"

అవతలి జట్టు గోల చేసింది, కూత తెగిందని. సింహాద్రి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఊపిరి తీసినావేటే?"

"ఏటీ తియ్యనేదు."

"మా సెల్లి తియ్యనేదంటే తియ్యనేదు" అని వాళ్లందరి మీదికీ తిరగబడి, ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఆమె ఎన్ని పట్టాలు పుచ్చుకున్నా, ఎన్ని శాలువాలు కప్పించుకున్నా, ఆ సాయంత్రమంత ఎత్తున మళ్లీ కూర్చోలేదు. దొంగ ఊపిరి సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా.

నీడను తొలగించే ఉపాయం పైడితల్లి దగ్గర ఉంది. వరండా చివరి గదిలో, తాళం వెనక ఉంది.

ఆ గదిలో పక్కపక్కన రెండు స్కానర్లు. వాటిని నడిపే ఫాతిమా ముద్దుగా పెట్టిన పేరు జోడీ. నీడ పడ్డ గుండె ఒక దాంట్లో ఉంటే, నీడ లేని గుండె ఇంకోదాంట్లో ఉండాలి. అది ఒకే రక్తం పంచుకున్న గుండె అయ్యుండాలి, ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలి. రెండూ ఒకే క్షణాన ముడుచుకుని ఒకే క్షణాన విచ్చుకోవాలి. ఊపిరీ కలిసే వదలాలి, కలిసే బిగబట్టాలి. అప్పుడు యంత్రం రెండో గుండెను కొలతగా పెట్టుకుని, మొదటిదాని దగ్గర క్షేత్రం ఎక్కడ ఎంత వంగిందో పట్టుకుని సరిదిద్దుతుంది. కనిపించేది అరువు బొమ్మ కాదు, రోగి సొంత గుండే.

చిక్కల్లా కలిసి కొట్టుకోవడంలోనే ఉంది. స్కానర్‌లోకి పంపే ముందు పేస్‌మేకర్‌ను దాని మామూలు నడకకే, మారకుండా బిగిస్తారు. పక్కవాడి గుండె దాని మానాన అది పోతుంది. అందుకని జోడీ ఆ రెండో గుండెను అయస్కాంతపు తాకిడితో మెల్లమెల్లగా తట్టి, పేస్‌మేకర్ నడకలోకి తెచ్చేది.

శ్రీకాకుళంలో కూచిపూడి నేర్పే నీలవేణి తన తల్లి కోసం మొట్టమొదట ఆ రెండో స్కానర్‌లో పడుకుంది. ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ ఒక పొర చొప్పున బొమ్మ తీశారు. నీడ పోయింది, జబ్బు దొరికింది, తల్లి బతికింది. పరిశోధనశాల అంతా ఖాజాలు పంచుకున్నారు. కొన్నాళ్లకు నీలవేణి మళ్లీ వచ్చింది.

"ఏమిటోనండీ, తిల్లానా ఎత్తుకుంటే కాళ్లు పరిగెడుతున్నాయి, గుండె మాత్రం రావట్లేదు. నేనొక్కదాన్నే ఆడుతున్నట్టుంటోంది" అంది.

పరీక్ష చేశారు. కూర్చున్నా, మెట్లెక్కినా, గెంతినా నీలవేణి గుండె ఒకే నడక నడుస్తోంది. అది ఆమె తల్లి పేస్‌మేకర్ నడక. నేర్పినదాన్ని నేర్చేసుకుంది. కాళ్లు అడిగినంత రక్తం ఇవ్వదు, ఇంకాస్త ఆడితే ఆమె కళ్లు తిరిగి పడిపోతుంది. కొన్నాళ్లకి మరిచిపోతుందిలే అని అందరూ ఎదురుచూశారు. మరిచిపోలేదు. పైడితల్లి తన చేత్తోనే ఆ గదికి తాళం వేసింది. నీలవేణి పరీక్షలకు వచ్చినప్పుడల్లా, "అమ్మ ఉంది కదండీ" అని నవ్వి వెళ్తుంది. తిట్టి ఉంటే పైడితల్లికి తేలిగ్గా ఉండేది.

"మీరు వేసిన తాళమే కదా మేడమ్" అంది ఫాతిమా, తాళంచెవి చేతికివ్వకుండా.

"అందుకే నేనే తీస్తున్నాను."

"వేరే ఎవరైనా తోడబుట్టినవాళ్ల కోసం పడుకుంటామంటే మీరు ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. నేను వేరేవాళ్లని అడగట్లేదు కదా." పైడితల్లి చెయ్యి చాపింది. "నాట్యం చేసేదాన్నా, పరుగుపందేలకి పోయేదాన్నా? నా గుండె పరిగెత్తి ఇప్పుడు ఏ ఊరు చేరాలి ఫాతిమా?"

ఫాతిమాకు ఆ మాట నచ్చలేదు. తాళంచెవి మాత్రం ఇచ్చింది.

సింహాద్రికి చెప్పడం ఇంకా కష్టం అనుకుంది గాని, అబద్ధం కనక సులువుగానే అయిపోయింది.

"నువ్వెందుకే తొంగోడం?"

"కొలత కోసం అన్నియ్యా. ఒక తల్లి పిల్లలం గదా, నీ గుండె ఎలాగుండాలో నా గుండెని సూసి తెలుసుకుంటాది మిషను."

"నీకేటీ అవదు గదా?"

"ఏటీ అవదు."

ఆ రోజు నీలవేణి పరీక్షకు రావాల్సిన రోజన్న సంగతి పైడితల్లి మరిచిపోయింది. ఏర్పాట్లు చూసుకుంటూ అద్దంలోంచి బయటి హాల్లోకి చూసేసరికి, ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. సింహాద్రి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, చెడుగుడు కబురే అయ్యుంటుంది, నీలవేణి నవ్వుతోంది. మరోసారి చూసేసరికి నీలవేణి చెబుతోంది, సింహాద్రి వింటున్నాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగే తీరిక పైడితల్లికి లేకపోయింది.

ఇద్దరూ పడుకున్న స్కానర్ల మధ్య ఒక అడ్డుగోడ, ఒక మైకు. కళ్లకెదురుగా ఉన్న చిన్న అద్దంలో బొమ్మలు కనిపించేలా పైడితల్లి ముందే అమర్చుకుంది. అవతలి గదిలోంచి ఫాతిమా గొంతు వినిపించింది. "ఇద్దరూ ఊపిరి వదలండి. బిగబట్టండి."

ఛాతీలో ఏదో మెత్తగా తట్టింది. నొప్పి లేదు. వానాకాలం బడికెళ్లేటప్పుడు చంపావతిలో అన్న చెయ్యి పట్టుకుని, అతని అడుగు పడ్డచోటే అడుగు వేసేది. గుండె అలాగే ఒక అడుగు తడబడి, రెండో అడుగుకి జత కలిసింది. ఆమెకు హాయిగా అనిపించింది. ఇంత హాయిగా ఉంటుందని నీలవేణి ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి పొర శుభ్రంగా వచ్చింది. నీడ అంచులు పలచబడ్డాయి. రెండోది చెరిగిపోయింది, మూడోది కూడా.

"ఊపిరి ఆగట్లేదు మేడమ్" అంది ఫాతిమా. "పెద్దాయన అలిసిపోయినట్టున్నారు."

పైడితల్లి అద్దంలో ఊపిరి గీతను చూసింది. అలిసినవాడి ఊపిరి మొదటినుంచీ వణుకుతుంది, చివరికొచ్చేసరికి ఎగిసిపడుతుంది. ఇది అలా లేదు. మొదట రాయిలా ఉంది. నడిమధ్యలో సన్నగా, పైకి తెలియకూడదన్నట్టు, ఒక్క అల. మళ్లీ రాయి. ఆ అల ఎలా ఉంటుందో ప్రపంచంలో ఎవరికి తెలిసినా తెలియకపోయినా ఆమెకు తెలుసు.

"ఆపెయ్ ఫాతిమా. అన్నియ్యా, ఊపిరి తీసినావు."

"ముసిలోణ్ని అయిపోనాను గదే. ఆగనేదు."

"అబద్ధాలాడకు. మజ్జిలో తీసినావు. కావాలని తీసినావు."



"ఆ డేన్సు గుంట సెప్పింది" అన్నాడు సింహాద్రి. "దాన్నేటీ అనకు, పాపం. మా అమ్మ కోసం నేనూ ఇలాగే తొంగున్నాను తాతా అన్నాది. ఆపైన ఏటయినాదని నేనే అడిగినాను. నీ గుండె నాకొద్దే పైడీ. బొమ్మ సరిగ్గా రాకపోతే నువ్వే ఇసుగెత్తి ఒగ్గేస్తావనుకున్నాను."

పైడితల్లికి కోపం వచ్చింది. కోపం వెనకాలే ఏడుపు వచ్చింది. చేతులు కట్టేసినట్టున్నాయి, కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు. బొమ్మ స్వచ్ఛంగా రావాలని ఆమె జీవితమంతా పాటుపడింది. బొమ్మను పాడుచేసి ఆమెను కాపాడుకుందామని ఈ మనిషి చూశాడు. జట్టుజట్టంతా మీద పడ్డా కూత తెగనివ్వనివాడు, చెల్లెలి కోసం కూత తప్పాడు.

"నువ్వు పడిపోతే వొదినేటవుద్ది? నేనేటవుతాను? నీడెనకాల ఏటుందో తెలీకుండా నేను రేపట్నుంచి ఎలాగ తొంగుంటాననుకున్నావు?"

"నీలాగే నేనూ గదే. నిన్ను పాడుసేసి నేనెలాగ తొంగుంటాను?"

పైడితల్లి అద్దంలో ఊపిరి గీతను మళ్లీ చూసింది.

"ఒక్క కూత" అంది. "ముక్కలు ముక్కలుగా వద్దు. అన్ని పొరలూ ఒకే ఊపిరిలో తీసేద్దాం. ఒక్క కూతకి నా గుండె ఏటీ నేర్సుకోదు."

అది నిజమో కాదో ఆమెకు తెలియదు. ఎవరూ కొలిచి చూడలేదు. అయినా రోగులతో మాట్లాడే గొంతుతో, తడుముకోకుండా అంది.

"ఎంతసేపు?"

"నీ పాత కూతంత."

సింహాద్రి నవ్వాడు. "ఆ కూత ఎప్పుడో ఏట్లో కొట్టుకుపోనాది." ఆ నవ్వు ఆగాక అడిగాడు, "నీకు ఆగుద్దేటే అంతసేపు?"

"ఆగుద్ది."

"దొంగతనం సెయ్యకూడదు మరి."

"ఇద్దరం సెయ్యకూడదు" అంది ఆమె.

ఫాతిమా యంత్రాన్ని మళ్లీ సిద్ధం చేసింది. "అంతసేపు ఎవరూ బిగబట్టలేరు మేడమ్" అని గొణిగింది. గొణిగి, "ఊపిరి వదలండి" అంది.

ఊపిరంతా వదిలేసి పైడితల్లి కళ్లు మూసుకుంది. పెదవి కదపకుండా లోపలే కూత పట్టింది. సెడుగుడు సెడుగుడు సెడుగుడు. గోడ అవతల అన్న కూడా అదే కూతలో ఉన్నాడని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాళ్ల కింద వెచ్చటి ఇసక తగిలింది. చచ్చినవాళ్లు గీత పక్కన వరసగా కూర్చుని ఆమెనే చూస్తున్నారు. ఛాతీ మండడం మొదలైంది. ముక్కు దగ్గర, అక్కడే, ఒక్క సన్నటి ఊపిరి కాచుకుని ఉంది. తీస్తే ఎవరికీ తెలియదు. ఆమె తియ్యలేదు. చెవుల్లో ఏరు హోరెత్తింది. గుండె మాత్రం అదరలేదు, బెదరలేదు, అన్న అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది.

"అయిపోయింది! తీసుకోండి, ఊపిరి తీసుకోండి!" అని అరిచింది ఫాతిమా.

ఇద్దరూ ఒకేసారి ఊపిరి లాగిన చప్పుడు మైకులో వినిపించింది.

బొమ్మ తెర మీదికి మెల్లగా వచ్చింది. నీడ ముందు అంచుల్లో కరిగింది, తర్వాత మధ్యలో కరిగింది, ఆ తర్వాత నీడంటూ లేదు. సింహాద్రి గుండె నిండుగా, నాలుగు గదులతో, గోడ గోడా తేటగా కనిపించింది. ముందు గోడలో, ఇన్నాళ్లూ నీడ కప్పేసిన చోట, తెల్లటి చార ఉంది. కండ ఎండిపోయిన చోటు. డాక్టరు అనుమానం నిజమే.

"ఉంది మేడమ్" అంది ఫాతిమా, మెల్లగా.

సింహాద్రి తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చారను చూడలేదు, మొత్తం గుండెను చూశాడు. "నాదేనేటే ఇది?"

"నీదే."

"నిండుగానే ఉన్నాదే" అన్నాడు మురిపెంగా.

పెద్ద డబ్బీ పెట్టే రోజున పైడితల్లి డాక్టరుతో ఒక్క మాటే చెప్పింది, డబ్బీ మార్చినా నడక మాత్రం పాతదే ఉంచమని. వదినకు ఆ నడక అలవాటని చెప్పింది. తర్వాత బంగారమ్మ పక్కన బయట బల్ల మీద కూర్చుంది. లోపల మొదటిసారి చీముపట్టిన చోటే మళ్లీ కోస్తున్నారు. భయంతో పైడితల్లి చేతులు చల్లబడ్డాయి, నోరెండిపోయింది. ఛాతీలో మాత్రం ఏమీ జరగలేదు. అక్కడ ఎవరో తాపీగా, తొందర లేకుండా నడుచుకుంటూ పోతున్నారు. భయపడుతున్నది తానొక్కతేనని పైడితల్లికి అప్పుడు అర్థమైంది. నీలవేణి చెప్పింది ఇదే. ఒక్క కూతకే నేర్చేసుకుంది.

సింహాద్రికి ఈసారి కోత చీము పట్టలేదు. తేరుకున్నాక వేసవిలో, "ఒకసారి ఏరు సూసొద్దారి రా" అని చెల్లెల్ని పిలిచాడు. ఇసకలో చెడుగుడు ఆడేవాళ్లు ఎవరూ లేరు. లారీల చక్రాల గాడులున్నాయి, ఎండిన తుంగ ఉంది. అన్నాచెల్లెళ్లు కాసేపు చెప్పులు విప్పి తిరిగారు. గీత ఇక్కడుండేదంటే ఇక్కడుండేదని పోట్లాడుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు సగం ఎక్కేసరికి పైడితల్లికి కళ్లు బైర్లు కమ్మాయి. కూర్చుండిపోయింది. సింహాద్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, రెండో చెయ్యి తన ఛాతీ మీద పెట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"నీకేటయినా అయినాదేటే?"

"ఏటీ అవనేదు."

"ఆ పొద్దు ఇసకలో కూడా ఇలాగే సెప్పినావు."

ఆమె తలెత్తి చూసింది. "నీకు తెలుసా?"

"కూత పుట్టిందే నా నోట్లో. నాకు తెలీకుండా ఊపిరెవులు తీస్తారే?"

"మరి నాకోసం వాళ్లందరితో దెబ్బలాడినావు!"

"సచ్చి కూకున్నోణ్ని. నువ్వొచ్చి లెగు, బతికినావు అన్నావు. ఎలాగ బతికించినావని అడుగుతానేటి?" అన్నాడు సింహాద్రి. అతని కళ్లు నీళ్లతో నిండాయి. ఆ మాట తర్వాత ఇక దేని గురించీ అడగలేదు. గట్టు పైకి ఎక్కేదాకా, ఆమె ఆగినచోటల్లా ఆగుతూ, మణికట్టు మాత్రం వదల్లేదు.

జోడీ గదికి పైడితల్లి మళ్లీ తాళం వేసింది. రెండో మనిషి అక్కర్లేకుండా నీడను తీసే దారి కోసం మిగిలిన ఉద్యోగమంతా వెతికింది. ఆ దారి ఆమెకు దొరకలేదు గాని, వెతకాల్సిన దిక్కు ఫాతిమాకు దొరికింది.

సింహాద్రి ఆ తర్వాత చాలా వేసవులు చూశాడు. ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు, అది కూడా గుండె వల్ల కాదు, వయసు వల్ల.

చితి మీద డబ్బీ పేలుతుంది కనక, ముందే దాన్ని తీసేయాలి. పట్నం నుంచి వచ్చిన డాక్టరు ఆ పని చేసి, డబ్బీని గుడ్డలో చుట్టి బంగారమ్మ చేతికిచ్చాడు. మగవాళ్లు సింహాద్రిని ఏటి ఒడ్డుకి తీసుకెళ్లారు. ఇల్లు కడిగారు. తడి గచ్చు మీద వదినా ఆడపడుచూ గోడకానుకుని కూర్చున్నారు. పొద్దున్నుంచి బంగారమ్మ ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. గుడ్డ విప్పి, డబ్బీని చెవి దగ్గర పెట్టుకుంది. ఛాతీ మీద పెట్టుకుంది. అరచేతిలో మూసుకుని చూసింది.

"ఆగిపోనాదేటి పైడమ్మా?"

పైడితల్లి వదిన చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకుంది.

బంగారమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. ఏదో ఓదారుస్తోందనుకుంది. అంతలో ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి. ఎన్నో రాత్రులు ఆ చేతికింద నడిచిన నడక, తొందర లేకుండా, తడబడకుండా, అక్కడ నడుస్తోంది. ఆవిడ తలెత్తి ఆడపడుచు మొహంలోకి చూసింది.

"ఇది ఆయనిది గదేటి?"

"ఊఁ" అంది పైడితల్లి.

బంగారమ్మ ఆ చెయ్యి అలాగే ఉంచి, పొద్దున్నుంచి రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది.